ఎగిరిన లెక్క ఎవరి దగ్గర ఉంది?

వాలీబాల్ మ్యాచ్ జరుగుతున్నంతసేపూ స్కోరర్ బల్ల దగ్గర ప్రతిదీ రాతలోకి ఎక్కుతుంది. ఎవరి సర్వీస్ ఎప్పుడు వచ్చింది, ఏ పాయింటు దగ్గర ఎవరు బయటికెళ్లి ఎవరు లోపలికొచ్చారు, టైమ్‌అవుట్ ఎవరు అడిగారు... అన్నీ సంతకాలతో సహా కాగితం మీద ఉంటాయి. ఆ ఆట ఆడిన పిల్లవాడు ఆ వారంలో ఎన్నిసార్లు నేల విడిచి పైకి లేచాడు, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాడు, పొద్దున మెట్లు దిగేటప్పుడు మోకాలు నొప్పెట్టిందా అన్న సంగతి మాత్రం చాలాచోట్ల ఏ కాగితం మీదా కనిపించదు. క్రీడా పాఠశాల, హాస్టల్, యూనివర్సిటీ జట్టు, ఊళ్లో సంక్రాంతి టోర్నీ, ఎక్కడైనా ఇదే తీరు. ఫలితం నమోదవుతుంది గానీ ఆ ఫలితం కోసం శరీరం పెట్టిన ఖర్చు నమోదు కాదు. ఈ లోటును పూడ్చడానికి విదేశీ యంత్రాలు అక్కర్లేదు, కోట్ల బడ్జెట్టూ అక్కర్లేదు. ఆటగాణ్ని రోజూ అడగాలి, అతను చెప్పింది రాసుకోవాలి, రాసుకున్నదాన్ని బట్టి మర్నాటి ప్రాక్టీసు మార్చుకోవాలి. ఈ మూడు పనులూ వాలీబాల్ శిక్షణలో వార్మప్ ఎంత తప్పనిసరో అంత తప్పనిసరి కావాలన్నదే నా వాదన.

మిగతా ఆటలకన్నా వాలీబాల్‌కే ఇది ఎందుకు ఎక్కువ అవసరమో ముందు చూద్దాం. ఈ ఆటలో రెండు జట్ల మధ్య నెట్ ఉంటుంది. కబడ్డీలోలా పట్టుకోవడం, ఫుట్‌బాల్‌లోలా ఢీకొనడం ఉండదు. చీలమండ మడత పడటం లాంటి హఠాత్ గాయాలు లేవని కాదు, ఉన్నాయి. కానీ వాలీబాల్ ఆటగాణ్ని ఎక్కువకాలం వేధించేవి ఏ ఒక్క క్షణంలోనూ తగిలే దెబ్బలు కావు. చేసిన పనినే వేలసార్లు చేయడం వల్ల మోకాలిలో, భుజంలో, నడుములో మెల్లగా పేరుకునే బాధలు అవి. పురుషులకు నెట్ ఎత్తు 2.43 మీటర్లు, మహిళలకు 2.24 మీటర్లు. దాని మీదుగా స్మాష్ కొట్టాలంటే ఆటగాడు మూడు నాలుగు అంగల్లో వేగం అందుకుని, ఆ వేగాన్నంతా చివరి అడుగులో మోకాళ్ల మీద ఆపి, పైకి మళ్లించాలి. గాల్లో నడుము విల్లులా వంచి భుజాన్ని విసరాలి. దిగేటప్పుడు కుడిచేతివాటం ఆటగాళ్లలో చాలామంది ముందుగా ఎడమకాలి మీదే దిగుతారు. శరీరం బరువుకు కొన్ని రెట్ల ఒత్తిడి ఆ ఒక్క కాలి మీద పడుతుంది. మోకాలి చిప్పను కింది ఎముకతో కలిపే టెండన్ ఆ భారాన్ని మోస్తుంది. బ్లాకింగ్‌కు ఎగిరినా, జంప్ సర్వీస్ చేసినా మళ్లీ దానికే పని.

ఆ టెండన్ మీద ఎంతో శ్రద్ధగా పని చేసినవాళ్లు నార్వే పరిశోధకులు. అక్కడి అగ్రశ్రేణి క్రీడాకారులను పరీక్షించి 2005లో వాళ్లు ప్రచురించిన అధ్యయనంలో, వేర్వేరు ఆటల వాళ్లందరినీ కలిపి చూస్తే ఆ సమయానికి ‘జంపర్స్ నీ’ అనే మోకాలి బాధ ఉన్నవాళ్లు 14.2 శాతం. బాస్కెట్‌బాల్‌లో 31.9 శాతం. వాలీబాల్‌లో 44.6 శాతం. అంటే దాదాపు ప్రతి ఇద్దరిలో ఒకరు. వీళ్లు ఆట మానేసి ఇంట్లో కూర్చున్నవాళ్లు కారు. నొప్పితోనే ప్రాక్టీసుకు వచ్చి, నొప్పితోనే మ్యాచ్‌లు ఆడుతున్నవాళ్లు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. గాయాల లెక్క తీసేటప్పుడు ఎన్నాళ్లు ఆటకు దూరమయ్యారన్నదే చూడటం పాత పద్ధతి. ఒక్కరోజు కూడా మానకుండా నెలల తరబడి నొప్పి ఓర్చుకున్న ఆటగాడు ఆ లెక్కలో ఆరోగ్యవంతుడే. ఈ లోపాన్ని గుర్తించి ఓస్లో పరిశోధకులు 2013లో నాలుగు ప్రశ్నల చిన్న పత్రం తయారుచేశారు. ఇబ్బంది వల్ల ప్రాక్టీసులో పాల్గొనలేకపోయావా, ప్రాక్టీసు తగ్గించుకున్నావా, ఆట దెబ్బతిన్నదా, నొప్పి ఎంత అని నేరుగా ఆటగాణ్నే అడగడం అందులో విశేషం. అడిగితే గానీ తెలియని బాధలు చాలా ఉంటాయన్నదే ఆ పత్రం వెనకున్న ఆలోచన.

పెద్దవాళ్ల సంగతి అలా ఉంచి పిల్లల దగ్గరికి వద్దాం. చదువునూ వాలీబాల్‌నూ కలిపి నేర్పే పాఠశాల ఒకటి నార్వేలో ఉంది. మన క్రీడా పాఠశాలలకు దగ్గరగా ఉండే ఏర్పాటు అది. అక్కడ చేరిన 141 మంది యువ ఆటగాళ్లను గమనించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో 28 మందికి జంపర్స్ నీ వచ్చింది. వారానికి వాలీబాల్ ప్రాక్టీసు ఒక్క గంట పెరిగితే ముప్పు సూచిక 1.72 రెట్లయింది. వారానికి ఆడే మ్యాచ్‌లలో ఒక్క సెట్ పెరిగితే 3.88 రెట్లయింది. అబ్బాయిలకు ముప్పు అమ్మాయిలకన్నా ఎక్కువగా కనిపించింది. అదే బృందం మరో సంగతి కూడా తేల్చింది. చేరిన రోజున మిగతావాళ్లకన్నా ఎత్తుకు ఎగరగలిగిన అబ్బాయిలకే తర్వాత ఈ బాధ ఎక్కువగా వచ్చింది. ఇందులో వింతేమీ లేదు. బాగా ఎగిరే పిల్లవాడికే కోచ్ ఎక్కువ బంతులు ఇస్తాడు, టోర్నీలో అతన్నే అన్ని సెట్లూ ఆడిస్తాడు, కిందికి దిగేటప్పుడు ఎక్కువ ఎత్తు నుంచి దిగేదీ అతనే. లెక్క పెట్టకపోతే మనం ముందుగా పోగొట్టుకునేది జట్టులోని ఆణిముత్యాలనే.

‘అందరితో ఒకే ప్రాక్టీసు చేయిస్తున్నాం, ఇందులో ఎక్కువ తక్కువలు ఏముంటాయి’ అని కోచ్‌లు అనుకోవచ్చు. దీనికీ జవాబు ఉంది. 2014లో ప్రచురితమైన మరో నార్వే పరిశోధనలో యువ ఆటగాళ్ల ప్రాక్టీసులనూ మ్యాచ్‌లనూ వీడియో తీసి ఒక్కొక్క జంప్ లెక్కపెట్టారు. మొత్తం 11,943 జంప్‌లు. వాటిని ఆటగాళ్లవారీగా విడదీస్తే అబ్బాయిల్లో ఒకరు వారానికి 50 సార్లు ఎగిరితే మరొకరు 666 సార్లు ఎగిరారు. ఆడే గ్రౌండ్ ఒక్కటే, మోకాళ్ల మీద పడ్డ పనిలో మాత్రం పదమూడు రెట్ల తేడా. స్మాష్‌కూ బ్లాక్‌కూ లేవని లిబెరో జంప్‌లు తక్కువే. మిడిల్ బ్లాకర్ బంతి తన దగ్గరికి వచ్చినా రాకపోయినా ఎదుటివాళ్లను నమ్మించడానికి ఎగురుతాడు, ఆ వెంటనే బ్లాక్‌కు ఎగురుతాడు. ఊళ్లలో లిఫ్టర్ అని పిలుచుకునే సెట్టర్ స్మాష్ కొట్టకపోయినా గాల్లోకి లేచి బంతి అందిస్తుంటాడు గనుక అతని జంప్‌లు ఎవరి కంటా పడవు. ‘పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు’ అన్న లెక్క వీళ్లలో ఏ ఒక్కరి గురించీ మనకు ఏమీ చెప్పదు.

ఇక్కడ ఒక అపోహ తొలగాలి. అలసట చెడ్డది కాదు. అలసిపోకుండా ఏ శరీరమూ బలపడదు. గట్టి ప్రాక్టీసు తర్వాత టెండన్‌లోని కొలాజెన్ ఒకపక్క తయారవుతూ మరోపక్క విచ్ఛిన్నమవుతూ ఉంటుంది. మొదటి 24 నుంచి 36 గంటల్లో విచ్ఛిన్నమయ్యేదే ఎక్కువ. ఆ తర్వాతే లాభం మొదలవుతుంది. అంటే బలం వచ్చేది ప్రాక్టీసులో కాదు, దాని తర్వాత దొరికే విరామంలో. ఆ విరామం అందక ముందే మళ్లీ అదే భారం వేస్తే అలసట తీరని అప్పులా పెరిగిపోతుంది. అలసటలో మూడు మెట్లున్నాయని యూరప్, అమెరికాల క్రీడావైద్య సంస్థలు 2013లో కలిసి విడుదల చేసిన ప్రకటన చెబుతుంది. కొద్ది రోజుల విశ్రాంతితో తీరి ఆటను మెరుగుపరిచేది మొదటిది. వారాల తరబడి ఆటను కుంగదీసేది రెండోది. నెలలు గడిచినా కోలుకోనివ్వనిది మూడోది. మూడో మెట్టు మీద ఉన్నారని తేల్చిచెప్పే రక్తపరీక్ష ఏదీ లేదు. ఒక్కరోజు చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. రోజుల తరబడి గమనించి రాసుకున్నవాళ్లే మొదటి మెట్టు దగ్గర ఆగగలరు.

రాయడం ఎలా? అమెరికాలో కార్ల్ ఫోస్టర్ అనే శాస్త్రవేత్త ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఐదో తరగతి పిల్లలకూ అర్థమవుతుంది. ప్రాక్టీసు ముగిసిన అరగంటకు ‘ఈరోజు ఎంత కష్టంగా అనిపించింది’ అని అడగాలి. సున్నా అంటే విశ్రాంతి, పది అంటే ఇంతకు మించి నా వల్ల కాదు అన్నంత కష్టం. ఆటగాడు చెప్పిన అంకెను ప్రాక్టీసు నిమిషాలతో గుణిస్తే ఆ రోజు భారం వస్తుంది. రెండు గంటల ప్రాక్టీసుకు ఏడు అని చెబితే 120ని 7తో గుణించి 840. వారం భారం ఎంతో కూడుకుంటే సరిపోదు, అది రోజుల మీద ఎలా పడిందో కూడా చూడాలి. ఆరు రోజులు రోజుకు 600 చొప్పున చేసి ఆదివారం సెలవిస్తే మొత్తం 3,600. అదే 3,600ను 900, 300, 750, 250, 900, 500 అని హెచ్చుతగ్గులుగా పంచి ఆదివారం సెలవు ఇవ్వవచ్చు. వారం సగటును ఆ వారపు ప్రామాణిక విచలనంతో భాగిస్తే మొదటి వారానికి 2.27, రెండోదానికి 1.47 వస్తుంది. ఈ అంకె రెండు దాటితే రోజులన్నీ ఒకేలా భారంగా ఉన్నాయని అర్థం, జబ్బులూ అతి అలసటా అలాంటి వారాల తర్వాత ఎక్కువని ఫోస్టర్ గమనించాడు. చెమట ఒక్క చుక్క తగ్గలేదు, పంపకం మాత్రమే మారింది.

సాయంత్రం ఈ ఒక్క అంకె చాలు. పొద్దున నాలుగు ప్రశ్నలు వేయాలి. నిద్ర ఎలా పట్టింది, ఒంట్లో అలసట ఎంత, కండరాల నొప్పులు ఎంత, మనసులో ఆందోళన ఎంత అన్నవే ఆ నాలుగు. హూపర్, మెకినన్ అనే ఆస్ట్రేలియా పరిశోధకులు 1995లో సూచించిన ఈ ప్రశ్నలకు ఒకటి నుంచి ఏడు దాకా మార్కులు వేసుకోవచ్చు, ఏడు అంటే మరీ ఘోరమని. ఒక హాస్టల్ అమ్మాయి నోట్‌బుక్‌లో సోమవారం 2, 2, 3, 2 అని ఉందనుకోండి. బుధవారం 3, 4, 4, 2. శుక్రవారానికి 5, 5, 6, 5, పక్కన ‘ఎడమ మోకాలు, చిప్ప కింద, కూర్చుని లేచేటప్పుడు’ అని నాలుగు మాటలు. ఆ పేజీ చూసిన కోచ్‌కు శనివారం ఆ అమ్మాయి చేత స్మాష్‌లు కొట్టించకూడదని, సర్వీస్ రిసీవింగ్ మీద పని చేయించాలని చెప్పడానికి డాక్టరు రానక్కర్లేదు. ‘ఆటగాడి మాటకేం విలువ, శాస్త్రీయమైన కొలత ఉండాలి కదా’ అనేవాళ్లు ఒకటి గుర్తించాలి. 56 పరిశోధనలను కలిపి 2016లో చేసిన సమీక్షలో శిక్షణ భారాన్ని రక్తపరీక్షలు, గుండె వేగం లాంటి కొలతలకన్నా ఆటగాళ్లు స్వయంగా చెప్పిన మాటలే నిలకడగా పట్టి ఇచ్చాయని తేలింది.

జంప్‌ల లెక్కకు నడుముకు కట్టుకునే పరికరాలు వచ్చాయి, పెద్ద జట్లు వాడుతున్నాయి. అవి లేకపోయినా పని ఆగదు. ఒక్కొక్కరు పది చొప్పున ఐదు దఫాలు స్మాష్‌లు కొట్టాలని డ్రిల్ పెట్టిన కోచ్‌కు యాభై జంప్‌లని ముందే తెలుసు. వాటిని రాసుకోవడమే తక్కువ. గాయంతో పక్కన కూర్చున్న పిల్లవాడి చేత ఒక సెట్‌లో ఇద్దరు ముగ్గురి జంప్‌లు లెక్కపెట్టించవచ్చు. వారానికి రెండుసార్లు వార్మప్ అయ్యాక గోడ పక్కన నిలబెట్టి, వేళ్లకు సుద్ద రాసి, ఎగిరి ఎంత ఎత్తు అందుకోగలరో చూసి టేపుతో కొలవవచ్చు. ఒక్కరోజు తగ్గితే పట్టించుకోనక్కర్లేదు. వరసగా తగ్గుతూ ఉంటే, అదే సమయంలో నోట్‌బుక్‌లో అలసట మార్కులు పెరుగుతుంటే ఆ రెండూ ఒకే మాట చెబుతున్నట్టు. నోట్‌బుక్, పెన్ను, గోడ, సుద్దముక్క, టేపు. తెలుగు రాష్ట్రాల్లో వీటిని కొనలేని వ్యాయామ ఉపాధ్యాయుడు లేడు.

మన పరిస్థితులు ఈ అవసరాన్ని ఇంకా పెంచుతున్నాయి. బాగా ఆడే పదహారేళ్ల పిల్లవాడు పాఠశాల జట్టులో ఉంటాడు, జిల్లా జట్టు సెలక్షన్‌కు వెళ్తాడు, ఊరి జట్టు తరఫున ప్రైజ్ మనీ టోర్నీ ఆడతాడు. ఒక్కో చోట ఒక్కో కోచ్, ఎవరి వాటా వాళ్లకు కనిపిస్తుంది, మొత్తం భారం ఆ కుర్రాడి మోకాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. వేసవి శిక్షణ శిబిరాలు మే నెల ఎండల్లో బయటి కోర్టుల మీద జరుగుతాయి. అదే ప్రాక్టీసు ఆ వేడిలో గుండెకూ కండరాలకూ మరింత కష్టం. హాస్టళ్లలో తెల్లవారకముందే గ్రౌండ్‌లోకి వచ్చే పిల్లలు రాత్రి చదువుల వల్ల ఎనిమిది గంటల నిద్ర పోలేరు. అంతకన్నా తక్కువ నిద్రపోయే బడి వయసు క్రీడాకారులకు గాయాల ముప్పు 1.7 రెట్లని 2014లో ఒక అమెరికా అధ్యయనం చెప్పింది. అమ్మాయిల విషయంలో ఇంకో మాట చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రోజూ అలసట ఆరేడు మార్కులుగా రాస్తున్న అమ్మాయికి కావలసింది తిట్లు కాదు, హిమోగ్లోబిన్ పరీక్ష. ‘బద్ధకం’ అని కోచ్ అనుకుంటున్నది చాలాసార్లు రక్తం చాలకపోవడం కావచ్చు, తిండి చాలకపోవడం కావచ్చు. నోట్‌బుక్ లేకపోతే ఆ అనుమానం కూడా రాదు.

పై స్థాయికి వెళ్లేకొద్దీ మ్యాచ్‌ల మధ్య వ్యవధి మరింత తగ్గుతుంది. 2023 సెప్టెంబర్‌లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో భారత పురుషుల జట్టు 19న కంబోడియాతో ఆడి, మర్నాడే దక్షిణ కొరియాను ఐదు సెట్లలో ఓడించింది. చివరి సెట్ 17-15. ప్రపంచ ర్యాంకుల్లో తమకన్నా ఎంతో ముందున్న జట్టు మీద రెండున్నర గంటలకు పైగా పోరాడి గెలిచిన మ్యాచ్ అది. 22న చైనీస్ తైపీని ఓడించింది. 24న జపాన్ చేతిలో, 26న పాకిస్థాన్ చేతిలో ఓడి ఆరో స్థానంతో తిరిగొచ్చింది. ఆ ఓటములకు అలసటే కారణమని అనడం లేదు. ఎనిమిది రోజుల్లో ఐదు మ్యాచ్‌లు ఆడాల్సిన టోర్నీలోకి ఎంత అలసటను మోసుకెళ్తున్నామో తెలిసి ఉండాలని మాత్రం అంటున్నాను. 2022 ఫిబ్రవరిలో గచ్చిబౌలిలో మొదలైన ప్రైమ్ వాలీబాల్ లీగ్ తొలి సీజన్‌లో ఏడు జట్లు ఒక్క నెలలోపే 24 మ్యాచ్‌లు ఆడాయి. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో మన పి.వి.రమణ ఉన్నారు. ఆ తర్వాత ఆసియా క్రీడల వాలీబాల్‌లో మనకు పతకం లేదు. మళ్లీ ఆ మెట్టు ఎక్కాలంటే ఇరవై ఐదేళ్లకు కూడా మోకాళ్లు ఆరోగ్యంగా ఉన్న ఆటగాళ్లు కావాలి. వాళ్లను పదిహేనేళ్ల వయసులోనే కాపాడుకోవాలి.

ఇక అభ్యంతరాలు. మొదటిది అందరి నోటా వినిపించేదే. పాత తరం ఏ నోట్‌బుక్కూ లేకుండానే మట్టి కోర్టుల మీద ఆడి పతకాలు తేలేదా, ఈ లెక్కలన్నీ పిల్లలను సుకుమారంగా తయారుచేయడానికే కదా అన్నది. ఆ తరం కష్టాన్ని ఎవరూ కాదనలేరు. కానీ మనకు కనిపించేది నిలబడ్డవాళ్లే. మోకాలు పోయి, భుజం పోయి పద్దెనిమిదేళ్లకే ఆట వదిలేసినవాళ్ల పేర్లు ఏ పతకాల జాబితాలోనూ ఉండవు. పైగా లెక్క రాయడమంటే ప్రాక్టీసు తగ్గించడం కాదు. శిక్షణ భారం మీద అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2016లో ఇచ్చిన ప్రకటన అతి భారాన్ని ఎంత తప్పుపట్టిందో చాలీచాలని తయారీనీ అంతే తప్పుపట్టింది. భారాన్ని హఠాత్తుగా పెంచడం ప్రమాదమని హెచ్చరించింది. పరీక్షల పేరుతో నెలన్నర ఆట మానేసి, క్యాంప్‌లో చేరిన మొదటి రోజే రెండు పూటలా ఎగిరే పిల్లలు మనకు ప్రతి ఏడాదీ కనిపిస్తారు. వాళ్లను గట్టిగా తయారుచేయాలంటే ఎక్కడి నుంచి మొదలుపెట్టి వారానికి ఎంత పెంచాలో తెలియాలి. ఎవరిని ఇంకా కష్టపెట్టవచ్చో కూడా ఆ నోట్‌బుక్కే చెబుతుంది.

రెండో అభ్యంతరం అనుభవజ్ఞులైన కోచ్‌లది. పిల్లవాడి నడక చూస్తే చాలు, అలసిపోయాడో లేదో చెప్పేస్తామంటారు. మంచి కోచ్ కంటికి ఆ శక్తి ఉంది, దాన్ని తక్కువ చేయను. కానీ కోచ్ అనుకున్న కష్టాన్నీ ఆటగాడి అనుభవాన్నీ పక్కపక్కన పెట్టి ఫోస్టర్ బృందం 2001లో పోల్చి చూసింది. తేలికగా ఉండాలని కోచ్ అనుకున్న రోజున క్రీడాకారులు అంతకన్నా ఎక్కువ కష్టపడ్డారు. గట్టిగా చేయాలన్న రోజున అనుకున్నంత చేయలేకపోయారు. తేలిక రోజున అలసట తీరకపోతే గట్టి రోజున బలం ఎక్కడి నుంచి వస్తుంది? నలభై మంది పిల్లలకు ఒక్కడే కోచ్ ఉన్నచోట కన్ను ఎంత పదునైనదైనా నలభై రాత్రుల నిద్రను చూడలేదు. నోట్‌బుక్ కోచ్ కంటికి పోటీ కాదు, ఆ కన్ను ఎటు తిరగాలో చెప్పే తోడు.

మూడోది, పిల్లలు నిజం చెప్పరన్నది. ఇది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. సెలక్షన్ పోతుందని నొప్పి దాచేవాళ్లు ఉంటారు. స్పోర్ట్స్ కోటాలో సీటు, రైల్వేలోనో పోలీసు శాఖలోనో ఉద్యోగం ఒక్క టోర్నీ సర్టిఫికెట్ మీద ఆధారపడ్డ ఇంటి బిడ్డ నొప్పి దాచుకుంటే తప్పు ఆ బిడ్డది కాదు. పరుగు తప్పించుకోవడానికి అలసటను ఎక్కువ చేసి చెప్పేవాళ్లూ ఉంటారు. అందుకే ఒక కట్టుబాటు ముందే పెట్టుకోవాలి. ఈ అంకెలు సెలక్షన్ కమిటీ ముందుకు వెళ్లకూడదు. నొప్పి ఉందని రాసినందుకు ఎవరినీ జట్టు నుంచి తీసేయకూడదు, అందరి ముందు వెక్కిరించకూడదు. ఒకరి అంకెను మరొకరితో పోల్చకుండా, వారి పాత అంకెలతోనే పోల్చాలి. అన్నిటికన్నా ముఖ్యం, రాసినదాని వల్ల ఏదో ఒక మార్పు జరగడం పిల్లలకు కనిపించాలి. ఐదు మార్కులు వేసిన మర్నాడు జంప్‌లు తగ్గాయని చూసిన అమ్మాయి ఆ తర్వాత కూడా నిజమే రాస్తుంది. ఏం రాసినా అదే డ్రిల్ అయితే రెండో వారానికల్లా పేజీ నిండా ఒకే అంకె ఉంటుంది. అబద్ధం పిల్లల స్వభావంలో లేదు, మన స్పందనలో ఉంది.

నాలుగో అభ్యంతరం శాస్త్రం తెలిసినవాళ్లది. ఈ అంకెలు గాయాలను ముందే పట్టిస్తాయని రుజువు కాలేదు కదా అంటారు. నిజమే. ఈ వారం భారాన్ని గత నాలుగు వారాల సగటుతో భాగించి, ఫలితం 0.8 నుంచి 1.3 మధ్య ఉంటే క్షేమమని కొన్నేళ్ల కిందట క్రీడాశాస్త్రంలో ఒక సూత్రం ఊపందుకుంది. తర్వాత గణాంక నిపుణులు దాని పునాదుల్లోనే లోపాలున్నాయని చూపించారు. ఆ సూత్రాన్ని గుడ్డిగా నమ్మి యాప్‌లు కొన్నవాళ్లు ఇప్పుడు పునరాలోచనలో ఉన్నారు. ఏ అంకె కూడా ఫలానా రోజున ఫలానా మోకాలు దెబ్బతింటుందని చెప్పదు, చెబుతుందని అమ్మజూపేవాళ్లను నమ్మకూడదు. అయితే జోస్యం చెప్పలేనంత మాత్రాన లెక్క దండగ కాదు. రక్తపోటు కొలిచినప్పుడు గుండెపోటు తేదీ తెలియదు, అయినా కొలవడం మానలేదు. రాసుకోవడం వల్ల తప్పకుండా కలిగే లాభం ఒకటుంది. బాధ చిన్నగా ఉన్నప్పుడే దాని గురించి ఆటగాడికీ కోచ్‌కీ మధ్య మాట మొదలవుతుంది. ఆ మాట కోసమే ఈ అంకెలు.

ఇందులో ఒక ప్రమాదం ఉందని నేనూ ఒప్పుకుంటాను. నిద్ర, నొప్పి, మనసులోని ఆందోళన, అమ్మాయిలకైతే నెలసరి వివరాలు పూర్తిగా సొంత సంగతులు. నెలసరి ఆగిపోవడం తిండికి మించి శ్రమ జరుగుతోందనడానికి ముఖ్యమైన సూచన, కాబట్టి అడగవలసిందే. కానీ ఎవరు అడగాలి, ఎవరు చూడాలి అన్నది తేల్చకుండా అడగకూడదు. వాట్సాప్ గ్రూపులో అందరి అంకెలూ పెట్టడం, నోటీసు బోర్డు మీద అంటించడం నేరం లాంటిదే. మహిళా కోచ్‌గానీ, నర్సుగానీ, ఆ అమ్మాయి నమ్మే ఒక్క మనిషిగానీ మాత్రమే ఆ పేజీ చూడాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. యాప్‌లు వాడే అకాడమీలు దాన్ని దృష్టిలో పెట్టుకోవాలి. కాగితం నోట్‌బుక్ వాడే హాస్టల్ కూడా అదే మర్యాద పాటించాలి.

చేయవలసిన పని పెద్దదేమీ కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ క్రీడాప్రాధికార సంస్థలు ముందుగా తమ అకాడమీల్లో, క్రీడా పాఠశాలల్లో ప్రతి వాలీబాల్ ఆటగాడికీ ఒక నోట్‌బుక్ ఇవ్వాలి. వ్యాయామ ఉపాధ్యాయులకూ కోచ్‌లకూ ఒకటి రెండు రోజుల శిక్షణ ఇస్తే ఈ లెక్కలన్నీ వచ్చేస్తాయి. పాఠశాల, జిల్లా, క్లబ్ ఎక్కడ ఆడినా ఆడిన సెట్లు నమోదయ్యే కార్డు ఒకటి ఆటగాడి వెంట తిరగాలి. అమ్మాయిలకు ఏడాదికి రెండుసార్లు దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేయించాలి. టోర్నీలు నిర్వహించేవాళ్లు ఒకే జట్టు చేత ఒకే రోజు మూడు మ్యాచ్‌లు ఆడించడం మానాలి. తల్లిదండ్రులు ఫోన్‌లో ‘గెలిచారా’ అని అడిగే ముందు ‘మోకాలు ఎలా ఉంది, నిద్ర పట్టిందా’ అని అడగాలి. కోచ్‌లకు ఒక్క విన్నపం. రేపు ఉదయం గ్రౌండ్‌లోకి అడుగు పెట్టగానే బంతులు బయటికి తీయకముందు పిల్లలను వరసగా కూర్చోబెట్టి ఆ నాలుగు ప్రశ్నలు అడగండి, వాళ్లు చెప్పింది రాసుకోండి. ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాలు ఇవ్వలేని శిక్షణకు ఆ పిల్లల నుంచి రెండు గంటల కష్టం అడిగే హక్కు లేదు.